మధ్యయుగపు రాత, బంగారు పూత: కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఎక్కడ?

పేజీ నిండా దట్టమైన నల్లని అక్షరాలు, ఎడమ మూలన బంగారంతో మెరిసే పెద్ద తొలి అక్షరం, దాని నుంచి అంచుల వెంట పాకే తీగలు, ఆకులు. ఐరోపా మధ్యయుగపు చేతిరాత పుస్తకాల పేజీలు ఒకప్పుడు గ్రంథాలయాలకు వెళ్లగలిగిన పరిశోధకులకే కనిపించేవి. ఇప్పుడు ఎవరైనా ఫోను తెర మీద వాటిని పెద్దవి చేసి, కలం ఎక్కడ ఎత్తారో కూడా చూడవచ్చు. అలా చూసి ముచ్చటపడి ఆ రాతను, దానితోపాటు ఆ కాలపు బంగారు పూత, కుట్టుపని, పట్టీల నేత, పుస్తకాల కట్టు వంటి కళలను తీరిక వేళల్లో నేర్చుకోవాలనుకునేవారికి సామగ్రి తేలిగ్గానే దొరుకుతోంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అంతుపట్టడం లేదు.

క్లుప్తంగా

మధ్యయుగపు అక్షరానికి ఆ ఆకారం కలం కొన వెడల్పు, దాన్ని పట్టే కోణం, గీతలు వేసే వరస వల్ల వచ్చింది. బంగారం, రంగు, నేత, కుట్టు కూడా అంతే. పదార్థం ఏ వరసలో లొంగుతుందో ఆ వరసే పద్ధతిగా స్థిరపడింది. పైరూపాన్ని చూసి దించేవారు త్వరగా ఆగిపోతారు. వరసను పట్టుకున్నవారికి తర్వాతి మెట్టు తానే కనిపిస్తుంది. ఆనాడు నలుగురైదుగురు పంచుకున్న పనిని ఈనాడు ఒక్కరే మోయడం ఈ అభిరుచిలోని అసలైన బరువు.

వెయ్యేళ్ల రాతలకు ఒకే పేరు

'మధ్యయుగపు కాలిగ్రఫీ' అనగానే చాలామందికి కోసుకుపోయే మూలలున్న గోతిక్ అక్షరాలే గుర్తుకొస్తాయి. నిజానికి ఆ పేరు కింద దాదాపు వెయ్యేళ్ల పాటు పుట్టి, మారి, కనుమరుగైన అనేక రాతలు ఉన్నాయి. గుండ్రంగా, విశాలంగా ఉండే అన్షియల్ లిపి 4వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం వరకు రాజ్యమేలింది. ఐర్లండ్, ఉత్తర ఇంగ్లండ్ మఠాల్లో ఇన్సులర్ లిపి ఎదిగింది. ఆ లిపిలోనే లిండిస్‌ఫార్న్ సువార్తలు 8వ శతాబ్ది తొలినాళ్లలో, ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్న కెల్స్ గ్రంథం 800 ప్రాంతంలో తయారయ్యాయి. 8వ శతాబ్ది చివర పశ్చిమ ఐరోపాను ఏలిన ఫ్రాంకుల రాజు షార్లమేన్ సామ్రాజ్యంలో కరోలింజియన్ చిన్న అక్షరాలు వ్యాపించాయి. యార్క్ నుంచి వచ్చిన పండితుడు ఆల్కుయిన్ 796 నుంచి 804 వరకు అధిపతిగా ఉన్న టూర్ మఠం, ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ లిపిలో పెద్ద పెద్ద బైబిళ్లను రాసి దూరప్రాంతాలకు పంపింది.

గోతిక్ రాత ఈ వరసలో ఆలస్యంగా వచ్చింది. 12వ శతాబ్దం నుంచి పారిస్, బొలోన్యా వంటి చోట్ల విశ్వవిద్యాలయాలు ఎదగడంతో పుస్తకాల అవసరం పెరిగింది. పుస్తకమంటే జంతుచర్మం, చర్మమంటే ఖర్చు. అక్షరాలు సన్నబడి, ఒకదానికొకటి దగ్గరికి జరిగితే పేజీలో ఎక్కువ పాఠం పడుతుంది. గోతిక్ రాత దట్టం కావడానికి కాలపు అభిరుచితోపాటు ఈ పొదుపు కూడా ఒక కారణం. దానికి మూల్యం చదివేవారు చెల్లించారు. నిలువు గీతలన్నీ ఒకేలా ఉండటంతో ఏది ఏ అక్షరమో పోల్చుకోవడం కష్టమైంది. 'ఐ' అక్షరం మీద చిన్న గీత పెట్టే అలవాటు ఈ ఇబ్బందిలోంచే బలపడింది. నేటి చుక్క దానికి వారసురాలు.

1400 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో పోజ్జో బ్రాచ్చోలీని వంటి పండితులు గోతిక్‌ను కాదని పాత కరోలింజియన్ రాతను ఆదర్శంగా తీసుకున్నారు. ఇప్పుడు అచ్చులో కనిపించే మామూలు రోమన్ చిన్న అక్షరాల మూలం అక్కడ ఉంది. ఈ చరిత్ర కొత్తవారికి ఎందుకంటే, ఒక్కో లిపికి కలం కోణం వేరు, ఎత్తు వేరు, గీతల వరస వేరు. రెండు మూడు లిపులను ఒకేసారి మొదలుపెడితే ఒకదాని అలవాటు మరొకదాన్ని చెరుపుతుంది.

మరుగునపడిన విద్య తిరిగి వచ్చిన దారి

అచ్చుయంత్రం రాగానే చేతిరాత పోలేదు. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో ముద్రించిన బైబిలే గోతిక్ చేతిరాతను అనుకరిస్తూ పోతపోసిన అక్షరాలతో వచ్చింది. అయితే తర్వాతి శతాబ్దాల్లో సన్నని మొనగల కలాలు, రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన రాత పుస్తకాలు వచ్చి, వెడల్పు కొన కలం విద్య ఇంగ్లండు వంటి దేశాల్లో చాలామటుకు మరుగునపడింది. 19వ శతాబ్దంలో మధ్యయుగం మీద మోజు పెరిగినప్పుడు ఔత్సాహికులు గోతిక్ అక్షరాలను బొమ్మల్లా గీసి, లోపల సిరా నింపేవారు. పేజీ చూడటానికి పాతదిలా ఉండేది, గీతల్లో మాత్రం జీవం ఉండేది కాదు.

ఈ చిక్కుముడిని విప్పినవాడు చేతిరాత కళాకారుడు, ఉపాధ్యాయుడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్. 1899లో లండన్‌లోని సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌లో పాఠాలు మొదలుపెట్టిన ఆయన, బ్రిటిష్ మ్యూజియంలోని రాతప్రతులను పరిశీలించి, మందం సన్నం రెండూ కలం కొన వల్లనే వస్తున్నాయని గుర్తించాడు. 10వ శతాబ్ది చివరినాటి రామ్సే కీర్తనల గ్రంథాన్ని ఆధారం చేసుకుని అభ్యాసానికి అనువైన ఒక రాతను రూపొందించాడు. నేటికీ ఎక్కువమంది ఉపాధ్యాయులు మొదట నేర్పే 'ఫౌండేషనల్' రాత అదే. 1906లో వచ్చిన ఆయన పాఠ్యగ్రంథంతో ఈ పద్ధతి తరగతి గది దాటింది. ఆయన దగ్గర చదువుకున్న అన్నా సైమన్స్ దాన్ని జర్మనీకి తీసుకువెళ్లింది. గ్రెయిలీ హ్యూయిట్ బంగారు పూత పద్ధతిని పాత గ్రంథాల ఆధారంగా పునరుద్ధరించాడు. 1921లో లండన్‌లో లేఖకుల, చిత్రకారుల సంఘం ఏర్పడింది.

అంటే ఈనాడు అభిరుచిగా నేర్చుకుంటున్నది గురువు నుంచి శిష్యుడికి తెగకుండా అందిన విద్య కాదు. మిగిలిన పేజీలను చూసి, చేసి చూసి, వెనక్కి తవ్వి తీసిన విద్య. కొత్తవారికి ఇది ధైర్యం ఇచ్చే విషయం. మూలాలు అందుబాటులో ఉన్నాయి, జాన్‌స్టన్ నడిచిన దారిలో ఎవరైనా నడవవచ్చు.

పాళీ వెడల్పే కొలబద్ద

వెడల్పు పాళీని కాగితం మీద ఒకే కోణంలో నిలిపి ఉంచి గుండ్రంగా తిప్పితే, గీత తానే మందమై తానే సన్నబడుతుంది. ఒత్తిడితో పని లేదు. సన్నని మొనగల పాళీతో రాసేవారు ఒత్తి మందం తెస్తారు. ఆ అలవాటుతో వెడల్పు పాళీని ఒత్తితే సిరా ముద్దకడుతుంది, అంచులు చెదురుతాయి. కొత్తవారి పేజీల్లో కనిపించే గరుకు గీతల్లో ఎక్కువభాగం దీనివల్లనే.

రెండో సూత్రం ఎత్తు. ఫౌండేషనల్ రాతలో చిన్న అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు 4 రెట్లు, కోణం సుమారు 30 డిగ్రీలు. గోతిక్ రాతల్లో దట్టమైన పుస్తకపు రకం టెక్స్‌టురాలో ఎత్తు 5 రెట్ల దాకా, కోణం 40 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. పాళీ మారిస్తే గీటుకున్న వరసల దూరం కూడా మారాలి. వెడల్పు పాళీతో ఇరుకు వరసల్లో రాస్తే అక్షరం నల్లని ముద్ద అవుతుంది, సన్నపాళీతో ఎడం వరసల్లో రాస్తే బక్కచిక్కిపోతుంది. లోపం చేతిలో ఉందనుకుని నెలల తరబడి అభ్యాసం చేసేవారికి, అసలు లోపం గీటుకున్న వరసల్లో ఉండవచ్చన్న సంగతి తట్టదు.

ఈ కొలత ఐరోపాకే పరిమితం కాదు. 940లో మరణించిన బాగ్దాద్ మంత్రి, లేఖకుడు ఇబ్న్ ముఖ్లా అరబిక్ అక్షరాలను కలంతో పెట్టిన వజ్రాకారపు చుక్కల లెక్కన కొలిచే విధానానికి మూలపురుషుడిగా ప్రసిద్ధుడు. రెండు లిపులూ ఎదురెదురు దిశల్లో నడిచినా, కొలబద్ద మాత్రం రెండుచోట్లా కలం కొనే. పనిముట్టు అక్షరాన్ని తీర్చిదిద్దుతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మూడోది వరస. గుండ్రటి 'ఓ' అక్షరాన్ని ఒక్క చుట్టులో తిప్పరు. పైనుంచి ఎడమగా ఒక వంపు, మళ్లీ పైనుంచి కుడిగా మరో వంపు. ఈక కలాన్ని ఎదురు దిశలో తోస్తే మొన కాగితంలో దిగబడి సిరా చిమ్ముతుంది. అందుకే గీతలన్నీ లాగేవే, తోసేవి చాలా తక్కువ. లోహపు పాళీ వచ్చాక కూడా ఈ నియమం అలాగే నిలిచింది. గోతిక్ రాత పైకి భయపెట్టినా, దానిలోని నిలువు గీత ఒక్కటి కుదిరితే చిన్న అక్షరాల్లో చాలావాటికి పునాది పడినట్టే. కెల్స్ గ్రంథపు రాత గుండ్రంగా, సులువుగా కనిపిస్తుంది గాని కలం కోణం మధ్యలో మారుతూ ఉండటంతో దాన్ని పట్టుకోవడం కష్టం. కంటికి తేలికైనదాన్నే చేతికీ తేలిక అనుకోవడం వల్ల చాలామంది తప్పు లిపితో మొదలుపెడతారు. ఎడమచేతివాటం వారికి కోణం కుదరడం మరింత కష్టం. వారికి వాలుగా కోసిన పాళీలు ఉన్నాయి, కాగితాన్ని తిప్పి రాసే పద్ధతీ ఉంది.

బంగారం ముందు, రంగు తర్వాత

చేతిరాత పుస్తకంలో మొదట పాఠం రాసేవారు. తొలి అక్షరానికి చోటు వదిలి, అక్కడ ఏ అక్షరం రావాలో అంచున చిన్నగా గుర్తు పెట్టేవారు. తర్వాత ఎర్రసిరాతో శీర్షికలు, ఆపైన బొమ్మ గీత. ఆ తర్వాత రంగు కాదు, బంగారం. దీనికి కారణం సూటిగా ఉంది. బంగారు రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. జిగురు ఆనవాలు ఎక్కడున్నా అంటుకుంటుంది. రంగులోనూ జిగురు ఉంటుంది కనుక ముందు రంగు వేస్తే రేకు దాన్నీ పట్టుకుంటుంది. పైగా మెరుపు కోసం రాతితో రుద్దేటప్పుడు పక్కనున్న రంగు చెడుతుంది. బంగారం ముందుగా పూర్తయితే దాని చెదిరిన అంచులను తర్వాత వేసే రంగు చక్కగా కప్పేస్తుంది.

పేజీ మీద బంగారం ఉబ్బెత్తుగా కనిపించడానికి కింద వేసే మెత్తని పూత కారణం. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని చెప్పిన పాకంలో నానబెట్టి మెత్తబరచిన జిప్సం పొడి, సీసపు తెల్లపొడి, పటికబెల్లం వంటి చక్కెర, ఎర్రటి ఆర్మేనియా మన్ను ఉన్నాయి. చక్కెర గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. ఆరిన పూత మీద నోటితో ఊదితే ఊపిరిలోని తేమకు జిగురు మళ్లీ మేల్కొంటుంది, ఆ క్షణంలో రేకు వేయాలి. పొడిగాలిలో రేకు పట్టదు, తేమ మరీ ఎక్కువైతే పూత మెత్తబడి రుద్దుడుకు చెదురుతుంది. ఒకరోజు కుదిరిన పని మరుసటిరోజు కుదరకపోవడానికి నైపుణ్యం తగ్గడం కారణం కానక్కరలేదు. గాలి మారి ఉండవచ్చు. ఇప్పుడు సీసం లేని పాకాలు, సీసాల్లో దొరికే ఆధునిక జిగుర్లు ఉన్నాయి. మెరుపులో కొంత తగ్గినా మొదట వాటితో నేర్చుకోవడమే వివేకం.

చిత్రణ విషయంలో అపురూపమైన ఆధారం ఒకటి జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. 1450 ప్రాంతపు ఆ నమూనా పుస్తకం అకాంతస్ అనే మొక్క ఆకుల తీగను ఎలా గీయాలో, ఏ రంగు మీద ఏ రంగు వేయాలో, నీడ ఎక్కడ, తెల్లని మెరుపు ఎక్కడ అన్నది బొమ్మలతో మెట్టుమెట్టుగా చెబుతుంది. దాని నమూనాలను పోలిన అలంకారాలు గూటెన్‌బర్గ్ బైబిలు ప్రతుల్లో కొన్నింటిలోనూ ఉన్నాయి. ఆనాటి వృత్తి కళాకారులు కూడా నమూనా చూసి, వరస పాటించి గీసేవారు. నమూనాను అనుసరించడం చిన్నతనమని భావించే కొత్తవారికి ఈ పుస్తకం మంచి జవాబు.

పాత రంగుల అందం, వాటిలోని విషం

మధ్యయుగపు సిరా తయారీకి మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక చాలు. మాచికాయల్లోని వగరు పదార్థం అన్నభేదిలోని ఇనుముతో కలిసి, గాలి సోకేకొద్దీ నల్లబడుతుంది. రాసినప్పుడు లేతగా ఉన్న గీత కాసేపటికి చిక్కబడటం చూడటం ఈ అభిరుచిలోని చిన్న ఆనందాల్లో ఒకటి. పాళ్లు తప్పితే అదే సిరా కాలక్రమంలో కాగితాన్ని తినేస్తుంది. ఫౌంటెన్ పెన్నులో పోస్తే లోపల గడ్డకట్టి, లోహాన్ని కూడా పాడుచేయవచ్చు. మసితో చేసిన సిరాకు కాగితాన్ని తినే గుణం లేదు గాని తేమకు చెదిరే స్వభావం ఉంది.

రంగుల్లో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎర్రని ఇంగిలీకం పాదరసం, గంధకాల సమ్మేళనం. పసుపు రంగు హరిదళంలో ఆర్సెనిక్ ఉంది. తెల్లపొడిలో సీసం, ఆకుపచ్చ కోసం వాడిన చిలుములో రాగి ఉన్నాయి. పైగా కొన్నిటికి ఒకదానితో ఒకటి పడదు. హరిదళంలోని గంధకం సీసపు, రాగి రంగులను నల్లబరచగలదు. ఇంట్లో ఈ పొడులను నూరడం, కుంచెను నోటితో తడపడం ప్రమాదకరం. చరిత్రకు దగ్గరగా ఉండాలన్న పట్టుదల ఇక్కడ సడలాలి. ఆధునిక గ్వాష్ రంగులు (నీటిలో కలిపే, అడుగు కనిపించనివ్వని రంగులు) ఈ పనికి బాగా సరిపోతాయి.

అన్నిటికంటే విలువైన నీలం అఫ్గానిస్తాన్ బదఖ్షాన్ గనుల్లోని లాపిస్ లాజులి రాయి నుంచి వచ్చేది. రాయిని నూరి, మైనం, గుగ్గిలం వంటివాటితో ముద్దచేసి, బూడిదనీళ్లలో పిసికితే నీలం మాత్రమే విడివడి కిందికి దిగేది. 1828లో ఫ్రాన్స్‌లో ఝాఁ బాప్తీస్త్ గీమే కృత్రిమ అల్ట్రామెరైన్ తయారుచేయడంతో ఆ రంగు సామాన్యులకు అందింది. ఈ నీలమే 2019లో ఒక కొత్త సంగతి బయటపెట్టింది. జర్మనీలోని డాల్‌హైమ్ మహిళా మఠంలో 1000కి, 1200కి మధ్య మరణించిన ఒక స్త్రీ దంతాల గారలో లాపిస్ లాజులి రేణువులను పరిశోధకులు గుర్తించారు. ఆమె చిత్రకారిణి అయి ఉండి, పని చేస్తూ కుంచె మొనను నోటితో సరిచేసుకోవడం వల్ల అవి చేరి ఉండవచ్చన్నది వారు బలంగా భావించిన వివరణ. పేరు లేకుండా పోయిన స్త్రీల శ్రమకు ఇంత గట్టి ఆనవాలు దొరకడం అరుదు.

నేత, కుట్టు, కట్టు

రాతతో పాటు వచ్చే ఇతర చేతిపనుల్లోనూ ఇదే సూత్రం. పలకలతో పట్టీలు నేసే పద్ధతికి మగ్గం అక్కర్లేదు. మూలల్లో రంధ్రాలున్న చిన్న చదరపు పలకల్లోంచి దారాలు పోనిచ్చి, పలకలను తిప్పుతూ నేయడమే. నార్వేలో 834 నాటి ఓసెబర్గ్ నౌకా సమాధిలో 52 పలకలు, సగంలో ఆగిన పట్టీతో సహా దొరికాయి. ఏ పలకలో దారం ఏ దిక్కు నుంచి దూరిందన్నది మొదట్లో తప్పితే చివరిదాకా నమూనా కుదరదు.

సుమారు 70 మీటర్ల పొడవున్న 11వ శతాబ్దపు బాయూ వస్త్రం నేత కాదు, నారబట్ట మీద ఉన్నిదారంతో చేసిన కుట్టు. దారాన్ని ఖాళీ నిండా పరిచి, అడ్డదారాలతో బిగించే ఆ కుట్టులో దారం ఎక్కువగా బట్ట పైభాగానే ఉంటుంది, వెనక వృథా కాదు. కొత్తవారికి ఇది చక్కగా సరిపోతుంది. 13, 14 శతాబ్దాల్లో ఐరోపా అంతటా పేరు మోసిన ఇంగ్లండు పట్టు, బంగారు జరీ కుట్టు మాత్రం ఏళ్ల సాధన కోరుతుంది. పుస్తకపు కట్టుకు ఆదర్శం కావాలంటే 8వ శతాబ్ది తొలినాటి సెయింట్ కత్‌బర్ట్ సువార్త ఉంది. ఐరోపాలో చెక్కుచెదరక మిగిలిన అతి పురాతన పుస్తకపు కట్టు అదే. దానిలోని గొలుసుకుట్టు పద్ధతినే తొలి తరగతుల్లో ఇప్పటికీ నేర్పుతారు.

ఒక్కరి మీద నలుగురి పని

చర్మాన్ని సున్నపునీళ్లలో నానబెట్టి, చట్రానికి బిగించి గీకేవాడు ఒకడు. రాసేవాడు ఒకడు. ఎర్రసిరా వేసేవాడు, బొమ్మలు వేసేవాడు, కట్టేవాడు వేరు. మఠాల్లో ఒకే వ్యక్తి రెండు మూడు పనులు చేసిన సందర్భాలు ఉన్నా, 13వ శతాబ్దం నుంచి పారిస్ వంటి నగరాల్లో పుస్తకాల పని విడివిడి వృత్తులుగా సాగింది. ఒక్కొక్కరు ఒక్క పనిలో జీవితకాలం గడిపారు. ఈనాటి అభ్యాసకుడు వారాంతపు గంటల్లో అన్నీ తానే చేసి, ఆ పేజీని మ్యూజియం పేజీతో పోల్చుకుని నిరుత్సాహపడుతున్నాడు. ఆ పోలికే న్యాయమైనది కాదు.

ఆధునిక కాలంలో ఇలాంటి అతిపెద్ద ప్రయత్నాల్లో ఒకటి కూడా ఒంటరిగా జరగలేదు. అమెరికా మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ మఠం 1998లో లేఖకుడు డొనాల్డ్ జాక్సన్‌కు అప్పగించిన చేతిరాత బైబిలు 2011లో రాత ముగించుకుంది. దూడచర్మం మీద ఈక కలాలతోనే రాసినా, ఏ వరసలో ఏ మాట పడాలన్న పేజీ కూర్పును కంప్యూటర్‌లో ముందే వేసుకున్నారు. పనిని లేఖకులు, చిత్రకారుల బృందం పంచుకుంది.

అభిరుచి స్థాయిలో ఈ పంపకం బృందాల్లో జరుగుతుంది. 1966లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం 17వ శతాబ్దానికి ముందరి జీవనాన్ని, కళలను పునర్నిర్మించే సంస్థ. అది సభ్యులకిచ్చే ప్రశంసాపత్రాలను స్వచ్ఛంద లేఖకులు చేత్తో రాసి అలంకరిస్తారు. ఒకరు గీసిన అంచుకు మరొకరు రంగు వేయడం, ఇంకొకరు పాఠం రాయడం అక్కడ మామూలే. నేర్చుకునేవారికి దీనివల్ల మూడు మేళ్లు ఉన్నాయి: గడువు ఉంటుంది, పత్రాన్ని అందుకునే మనిషి ఉంటాడు, తప్పును చూసి చెప్పే కన్ను ఉంటుంది. వీడియోలు చూసి ఒంటరిగా సాధన చేసేవారికి కొరవడేది మూడోదే. కలం కోణం 10 డిగ్రీలు తప్పినా రాస్తున్న చేతికి తెలియదు, పక్కనున్నవారికి వెంటనే తెలుస్తుంది.

తెర మీది పేజీ, విడిపోయిన పేజీ

ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు గాలికా, స్విట్జర్లండ్‌కు చెందిన ఈ-కోడిసెస్, వాటికన్ గ్రంథాలయం తమ రాతప్రతుల చిత్రాలను ఉచితంగా చూపుతున్నాయి. జాన్‌స్టన్‌కు గాజుపెట్టెల ముందు దొరికిన అవకాశం ఇప్పుడు ఇంట్లోనే దొరుకుతోంది. అయితే 2023 అక్టోబరులో సైబర్ దాడికి గురైన బ్రిటిష్ లైబ్రరీలో డిజిటల్ రాతప్రతులు చాలాకాలం అందకుండా పోయాయి. ఒకే వనరును నమ్ముకున్నవారి అభ్యాసం అక్కడే ఆగింది. పాత లిపికి హక్కుదారులు లేకపోయినా, దాని ఫొటోను తిరిగి ప్రచురించడానికి ఆయా గ్రంథాలయాల షరతులు వర్తించవచ్చు. అభ్యాసం కోసం చూసి రాసుకోవడం వేరు, ఆ ఫొటోను అచ్చువేసి అమ్మడం వేరు.

తెరకు మరో పరిమితి ఉంది. బంగారం కదిలే కాంతిలో మెరుస్తుంది, ఫొటోలో గోధుమరంగు మచ్చలా నిలిచిపోతుంది. పేజీ అసలు కొలత తెర మీద తెలియదు. అరచేతిలో ఇమిడే ప్రార్థనా పుస్తకపు పేజీని పెద్ద కాగితం మీద దించితే నిష్పత్తులన్నీ మారిపోతాయి. గ్రంథాలయం ఇచ్చిన కొలతలను చూసి, పాళీ వెడల్పును లెక్కగట్టి మొదలుపెడితే ఈ తప్పు జరగదు.

అసలు పేజీని చేతిలో పట్టుకోవాలన్న కోరిక సహజమే గాని దానికొక చీకటి కోణం ఉంది. పాత పుస్తకాలను విప్పి, విడి పేజీలుగా అమ్మే వ్యాపారం చాలాకాలంగా సాగుతోంది. అమెరికాలో ఒట్టో ఈగే 20వ శతాబ్ది పూర్వార్ధంలో అనేక రాతప్రతులను విడదీసి, పేజీలను సంపుటాలుగా కూర్చి పంచాడు. ఎక్కువమందికి అందాలన్నదే తన ఉద్దేశమని సమర్థించుకున్నాడు. ఆ పేజీలను తిరిగి ఒకచోట, కనీసం చిత్రాల రూపంలోనైనా, చేర్చడానికి పండితులు ఇప్పటికీ శ్రమిస్తున్నారు. విడి పేజీకి గిరాకీ పెరిగితే మిగిలిన పుస్తకాలను విప్పే ఆశ కూడా పెరుగుతుంది. చర్మం స్పర్శ తెలుసుకోవాలనుకునే అభ్యాసకులకు కొత్తగా తయారైన పార్చ్‌మెంట్ ముక్కలు దొరుకుతాయి. వాటి కొనుగోలు ఏ పుస్తకాన్నీ చీల్చదు, పైగా కొద్దిమందే మిగిలిన ఆ తయారీదారుల పనిని నిలబెడుతుంది.